ఎండబెట్టాలా, ఆరబెట్టాలా? ఒక వడ్రంగి పుస్తకంలో పదాల కేసు

నేపథ్యం

సాంకేతిక పుస్తకాల తెలుగును సరిచూడటం నా పని. అనువాదకులు ఇచ్చిన ప్రతి చదువుతాను, ఒక వస్తువుకు అన్నిచోట్లా ఒకే పేరు ఉందో లేదో చూస్తాను, వదులు వాక్యాలు బిగిస్తాను, అచ్చుకు పంపుతాను. ఈ కేసులో నష్టం తెచ్చిన తప్పుల్లో రెండు నావే. నా చేతికి వచ్చిన అనువాదం చాలావరకు బాగానే ఉంది. దాన్ని నేనెలా పాడుచేశాను, మళ్లీ ఎలా దారిలో పెట్టాం అన్నదే ఇందులో విషయం. సంస్థ, ఊరు, మనుషుల వివరాలు తీసేశాను. పదాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

వడ్రంగం నేర్పే ఒక శిక్షణ కేంద్రం తమ ఇంగ్లీషు చేతిపుస్తకాన్ని తెలుగు చేయించింది. చెట్టు పడగొట్టిన దగ్గర నుంచి దుంగ కోయడం, పలకలు పేర్చి తేమ పోగొట్టడం, చిత్రిక పట్టడం, కుసి తీసి బెజ్జంలో దిగ్గొట్టడం, చివరికి పాలిష్ దాకా అన్నీ ఉన్నాయి. చదివేవాళ్లలో కొందరు వడ్రంగుల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు, ఎక్కువమంది ఉలి మొదటిసారి పట్టినవాళ్లు. అనువాదకులు సైన్సు చదివిన మనిషి, జాగ్రత్త గల మనిషి. ఆయనా, నేనూ అప్పటిదాకా ఒక్క పలకకూ చిత్రిక పట్టి ఎరగం.

కలప మాటల గురించి ఇక్కడే ఒక సంగతి చెప్పుకోవాలి. మూలంలో వుడ్, టింబర్, లంబర్ అని మూడు మాటలు తిరుగుతుంటాయి. కోసిన పలకల్ని బ్రిటన్‌లో టింబర్ అంటే అమెరికాలో లంబర్ అంటారు. అమెరికాలో టింబర్ అనే మాట ఎక్కువగా నిలబడి ఉన్న చెట్లకూ పెద్ద దూలాలకూ పోతుంది. మన దగ్గర లెక్క వేరు. నిలబడి ఉంటే మాను, పడగొట్టి కొమ్మలు కొడితే దుంగ, కోస్తే పలక, కట్టడానికి పనికొస్తే కలప, మంటలోకి పోతే కట్టె, చేతికి వస్తే కర్ర, బొమ్మ చెక్కితే కొయ్య. వస్తువు ఒకటే, దానితో మనం ఏం చేయబోతున్నామో దాన్నిబట్టి పేరు మారిపోతుంది. మనొక్కళ్లమే కాదు. పాత ఇంగ్లీషులో టింబర్ అంటే కట్టడం అనే అర్థం ఉండేది, దాని చుట్టమే అయిన జర్మన్ మాట జిమ్మర్‌కు ఇప్పుడు గది అని అర్థం. లాటిన్‌లో మెటీరియా అనే మాట కలపకూ చెల్లేది, ఏ వస్తువుకైనా మూలమైన సరుకుకూ చెల్లేది. స్పానిష్‌లో కలపను మదేరా అనడం అక్కడి నుంచి వచ్చిందే. ఈ ముచ్చటంతా నాకు పని మొదలుపెట్టక ముందే తెలుసు. తెలిసీ దాన్ని ముచ్చటగానే చూశాను, పనికొచ్చే సూచనగా చూడలేదు.

సమస్య ఎలా బయటపడింది

పుస్తకం వాడిన మొదటి బ్యాచ్‌లోనే ఫోన్ వచ్చింది. "మీ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేశామండీ. పలకలన్నీ పోయాయి" అన్నారు శిక్షకులు. కోపం లేదు, అలసట ఉంది. అది ఇంకా కష్టంగా అనిపించింది.

వెళ్లి చూశాను. పలకలు ఆరుబయట, నడి ఎండలో, ఒకదాని మీద ఒకటి అతుక్కున్నట్టు పేర్చి ఉన్నాయి. చివర్లు నెర్రెలు విచ్చాయి, కొన్నిటికి ఆ నెర్రె చేతి పొడవు లోపలికి పోయింది. పైవరసలో ఉన్నవి దొప్పల్లా లేచాయి, రెండు మూడు మెలి తిరిగాయి. అడుగు వరసలో పలక ఎత్తి చూస్తే రెండింటి మధ్య బూజు. అన్నిటికన్నా నన్ను ఆపేసిన దృశ్యం ఇంకొకటి: ప్రతి పలకకూ ఒక కాగితపు స్టిక్కర్ అతికించి ఉంది, మీద తేదీ, వరస నంబరు.

పుస్తకం తెరిచి ఆ పేజీ మళ్లీ చదివాను. "పలకలను గాలిలో ఎండబెట్టాలి. ప్రతి వరసకూ మధ్య స్టిక్కర్లు ఉంచాలి." నాకు ఇందులో తప్పు కనిపించలేదు, ఎందుకంటే మూలంలో ఏముందో నాకు తెలుసు. పిల్లలకు మూలం తెలీదు. వాళ్ల ముందు ఉన్నది ఈ రెండు వాక్యాలే. ఎండబెట్టమన్నారు, ఎండలో పెట్టారు. స్టిక్కర్లు పెట్టమన్నారు, పెట్టారు. స్టోరు వాళ్లు పాపం ప్రత్యేకంగా తెప్పించారు కూడా.

మూలంలో స్టిక్కర్ అంటే రెండు వరసల మధ్య గాలి ఆడటానికి అడ్డంగా పెట్టే సన్నని బద్దె. సాధారణంగా 20 నుంచి 25 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. కింది నుంచి పైదాకా అన్ని బద్దెలూ ఒకే నిలువు గీతలో ఉండాలి, లేకపోతే పై బరువుకు పలక మధ్యలో వంగుతుంది. పుస్తకంలో బొమ్మ కూడా ఉంది. కానీ బొమ్మలో బద్దెల మీద పేరు లేదు, వాక్యంలో బద్దె అన్న మాట లేదు. రెండిటినీ కలిపే దారం ఎక్కడా లేదు.

ఎండ సంగతి ఇంకా లోతైనది. కలప లోపలి నీరు బయటికి రావడానికి టైం పడుతుంది. నడి ఎండలో పైపొర గబగబా ఆరి కుంచించుకుపోవాలని చూస్తుంది, లోపలి భాగం ఇంకా తడిగా ఉబ్బి ఉంటుంది. ఈ లాగులాటలో పైపొర చీలుతుంది. చివర్ల నుంచి నీరు పక్కల కన్నా 10 నుంచి 15 రెట్లు వేగంగా పోతుంది కాబట్టి మొదట పోయేవి చివర్లే. అందుకే చివర్లకు రంగో మైనమో పూసి, పైన కప్పు వేసి, నేలకు ఎత్తుగా, నీడన, గాలి తగిలేలా పేర్చాలని మూలం చెబుతోంది. తెలుగులో ఆ జాగ్రత్తలన్నీ ఉన్నాయి, తర్వాతి పేజీలో. కానీ "ఎండబెట్టాలి" అన్న ఒక్క మాట చదివాక చేతులు పనిలోకి దిగిపోయాయి.

పాత ఫైళ్లు

ఇంటికి వచ్చి అనువాదకుల మొదటి ప్రతి తీశాను. ఆయన తప్పు ఎక్కడ చేశారో చూడాలనే తీశాను, దాచడం ఎందుకు. అందులో ఆ అధ్యాయమంతా "ఆరబెట్టాలి", "ఆరనివ్వాలి", అక్కడక్కడ "ఎండిన" అని ఉంది. పక్కన నా ఎర్ర గీత, నా వ్యాఖ్య: "ఒకే ప్రక్రియకు మూడు మాటలు. ఏకరూపత కోసం అన్నిచోట్లా ఎండబెట్టు." ఒకే మీటతో మొత్తం మార్చేశాను.

తడిబట్టను ఆరేస్తాం. తల తుడుచుకుని ఆరబెట్టుకుంటాం. గోడకు వేసిన రంగు ఆరాలి అంటాం, ఎండాలి అనం. ఆరడంలో గాలి ఉంది, నిదానం ఉంది, అవతలి వస్తువు మీద కాస్త దయ ఉంది. ఎండబెట్టడంలో ఎండ వినిపిస్తుంది. ఈ తేడా పుట్టినప్పటి నుంచి తెలుగు మాట్లాడే ఎవరికైనా తెలుసు, నాకూ తెలుసు. ఎడిటింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నప్పుడు మాత్రం నాకు తేడా కనబడలేదు, "అస్థిరత" కనబడింది.

రెండో ఎర్ర గీత ఇంకా ఇబ్బందికరం. తేమ పట్టికలో, కొన్ని జాతుల పచ్చి చెక్క దగ్గర, అనువాదకులు 120 శాతం అని రాశారు. నేను దాన్ని 12.0 చేశాను. వ్యాఖ్య: "శాతం నూరు దాటదు. చుక్క జారిపోయినట్టుంది." మూలంతో పోల్చి చూడలేదు. అంత నమ్మకం నాకు.

కలప తేమను లెక్కకట్టేది మొత్తం బరువు మీద కాదు, నీరంతా పోయాక మిగిలే పొడి బరువు మీద. ముక్కను తూచి, ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర బరువు ఇక తగ్గని స్థితి దాకా ఉంచి, మళ్లీ తూస్తారు. పోయిన నీటి బరువును పొడి బరువుతో భాగిస్తారు. ముక్క 2.2 కిలోలు ఉండి, ఆరాక 1 కిలో తూగితే, పోయిన నీరు 1.2 కిలోలు, తేమ 120 శాతం. తేలికపాటి కొన్ని జాతుల్లో 200 కూడా దాటుతుంది. ఇందులో వింతేమీ లేదు.

నా "దిద్దుబాటు" వల్ల ఏమైందంటే, పచ్చి చెక్క తేమ 12 శాతం అని పట్టిక చెబుతోంది, పక్క పేజీలో పనికి సిద్ధమైన చెక్క తేమ సుమారు 12 శాతం అని వాక్యం చెబుతోంది. 25 డిగ్రీల వేడి, గాలిలో 65 శాతం తేమ ఉన్నచోట కలప చివరికి వచ్చి నిలిచేది దాదాపు అక్కడే, కాబట్టి ఆ వాక్యం సరైనదే. రెండూ కలిపి చదివితే పచ్చి చెక్కకూ ఆరిన చెక్కకూ తేడా లేదు. ఒక కుర్రాడు శిక్షకులను అడిగాడట, "మరి ఎండబెట్టడం దేనికి సార్?" అని. పుస్తకం మొత్తం మీద వచ్చిన సరైన ప్రశ్న అదే. దానికి సమాధానంగా పుస్తకం చూడమన్నారు.

ఏం ప్రయత్నించాం

మొదట నాకు తోచింది గౌరవమైన దారి: అర్థం జారిపోని శాస్త్రీయ పదాలు. సీజనింగ్‌కు, అంటే కలప తేమ పోగొట్టడానికి, శుష్కీకరణ; సాప్‌వుడ్‌కు, అంటే మాను బయటి వైపు ఉండే తెల్లచెక్కకు, రసదారువు; హార్ట్‌వుడ్‌కు, అంటే నడిమి ముదురు చెక్క అయిన చేవకు, చేవదారువు, ఇలా ఒక పట్టిక. సంస్కృత పదానికి వాడుకలో వేరే అర్థం ఉండదు కాబట్టి పొరపాటుకు తావు ఉండదన్నది నా వాదన. ఒక అధ్యాయం ఇలా మార్చి ఐదుగురు శిక్షార్థులకు ఇచ్చాం. ఎవరూ తప్పు చేయలేదు. ఎవరూ ఏమీ చేయలేదు కూడా. "శుష్కీకరణ జరిగిన పలకలను ఎంచుకోవాలి" అన్న వాక్యం చదివి, ముందుకు వెళ్లి, ఎదురుగా ఉన్న రెండు కుప్పల్లో దగ్గర ఉన్న కుప్పలోంచి తీసుకున్నారు. అర్థం జారని పదం మనసుకు అంటనూ లేదు.

తర్వాత ఎదురు కొసకు వెళ్లాం. వర్క్‌షాపుల్లో ఎలాగూ ఇంగ్లీషు మాటలే వాడతారు కదా అని శిక్షకుల్లో ఒకరు అన్నారు. సీజనింగ్, గ్రెయిన్, నాట్, చెక్ అన్నీ అలాగే పెట్టేశాం. స్టిక్కర్ దెబ్బ తిన్నాక కూడా ఈ దారి ఎందుకు పట్టామంటే, చెప్పడానికి నా దగ్గర మంచి కారణం లేదు. మొదటిది ఫెయిలయ్యిందన్న టెన్షన్ ఒకటే. "వాడే ముందు పలకల్లో చెక్‌లు ఉన్నాయేమో చూడాలి" అన్న వాక్యానికి ఒక అమ్మాయి పలకలన్నీ తిరగేసి, "ఎవరూ చెక్ చేసినట్టు గుర్తు లేదండీ, నేను టిక్ పెట్టనా?" అంది. మూలంలో చెక్ అంటే ఆరేటప్పుడు పడే నెర్రె. గ్రెయిన్ ఇంకా నయవంచకం, ఎందుకంటే అందరూ తమకు తెలుసనే అనుకున్నారు. లామినేట్ షీటు మీద కనిపించే డిజైన్‌ను కూడా గ్రెయిన్సే అంటారు కాబట్టి, "గ్రెయిన్ వెంట చిత్రిక పట్టాలి" అంటే డిజైన్ అందంగా కనిపించే వైపు పట్టాలని అర్థం చేసుకున్నారు. మూలంలో అక్కడ గ్రెయిన్ అంటే చెక్క పోగులు సాగే దిక్కు.

మూడోసారి బుద్ధి తెచ్చుకుని పనివాళ్లను అడగాలనుకున్నాం. ఇద్దరు పెద్ద మేస్త్రీలను కూర్చోబెట్టి, నా పట్టిక ముందు పెట్టుకుని, "దీన్ని మీరు ఏమంటారు?" అని వరసగా అడిగాను. ఇద్దరూ వేర్వేరు ప్రాంతాల వాళ్లు, సగం మాటలు కలవలేదు. కలిసిన చోట అనుమానం వచ్చింది. ఒక మాట దగ్గర వాళ్లలో ఒకాయన కాస్త ఆగి నా మొహం చూసి, "మీరు పుస్తకంలో ఏం పెడితే అదేనండీ" అన్నారు. ఆ రోజు తెచ్చుకున్న జాబితాలో సగం నా మాటలే తిరిగి నాకు వచ్చాయి. కాగితం పట్టుకుని కూర్చున్నంతసేపు ఆయన మేస్త్రీ కాదు, పరీక్ష రాస్తున్న మనిషి.

ఏది పనిచేసింది

మళ్లీ వెళ్లినప్పుడు కాగితం తీసుకెళ్లలేదు. శిక్షకుల సాయంతో బల్ల మీద పాతిక దాకా చెక్క ముక్కలు పేర్చాం: పచ్చివి, ఆరినవి, నెర్రెలు విచ్చినవి, మెలి తిరిగినవి, ముడులున్నవి, చేవ, తెల్లచెక్క రెండూ ఒకే ముక్కలో కనిపించేవి. కొత్తగా చేరిన ఒక కుర్రాణ్ణి పక్కన నిలబెట్టి, మేస్త్రీని అడిగిందల్లా ఒక్కటే: "వీడితో పని చేయించాలి. ఈ ముక్కతో ఏం చేయాలో చెప్పండి." నేను పక్కన కూర్చుని విన్నాను.

పేర్లు రాలేదు. క్రియలు వచ్చాయి. రెండో మేస్త్రీ దగ్గరా అంతే. పేర్లు కలవని ఆ ఇద్దరికీ క్రియలు దాదాపు అన్నీ కలిశాయి. నాకు ఈ కేసులో దొరికిన అసలు సంగతి ఇదే.

చెక్కలో కొమ్మ మొలిచినచోట ఉండే ముడి తీసుకోండి. మూలంలో లైవ్ నాట్, డెడ్ నాట్ అని రెండు. కొమ్మ బతికి ఉండగానే మాను దాని చుట్టూ పెరిగితే పోగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, ముడి గట్టిగా ఉంటుంది. కొమ్మ చచ్చాక మాను దాన్ని మింగితే రెంటికీ అతుకు ఉండదు, చెక్క ఆరాక ముడి వదులవుతుంది. మా పుస్తకంలో వీటిని బతికిన ముడి, చచ్చిన ముడి అన్నాం. మేస్త్రీ రెండు ముక్కలూ చేతిలోకి తీసుకుని, ముడి మీద బొటనవేలితో నొక్కి, "ఇది ఊడుతుంది, అవతల పెట్టు. ఇది ఊడదు, వాడుకో" అన్నారు. ఊడే ముడి, ఊడని ముడి. ఏం పరీక్ష చేయాలో, ఏం నిర్ణయించాలో పేరులోనే ఉంది. అదే రోజు పుస్తకంలోకి ఎక్కింది.

గ్రెయిన్ దగ్గర ఇంకా బాగుంది. చిత్రిక ఒక వైపు నుంచి తోస్తుంటే పొట్టు చుట్టలు చుట్టుకుంటూ నున్నగా వస్తోంది. పలక తిప్పి తోయమన్నారు. బ్లేడు తట్టుకుని చెక్క పెచ్చులుగా లేచింది. "చూశావా, ఎదురొస్తోంది. వాటం చూసుకో." మూలంలోని ఒక్క గ్రెయిన్ అనే మాట తెలుగులో మూడు ముక్కలు కావాలని అప్పుడు అర్థమైంది. పోగులు సాగే దిక్కు అయితే వాటం. పైకి కనిపించే అందం అయితే చారలు. పోగుల సన్నదనం, ముతకదనం అయితే నునుపు, గరుకు. మూలంలో ఆ మాట వచ్చిన ప్రతిచోటా ఆగి, ఇక్కడ చదివేవాడి చెయ్యి ఏం చేయాలి అని అడిగి, మూడింట్లో ఒకటి పెట్టాం. విసుగు పని. ఒకే మీటతో అయ్యేది కాదు.

చెక్, స్ప్లిట్, షేక్ అనే మూడు పగుళ్లను కూడా ఇలాగే విడదీశాం. ఆరేటప్పుడు పైన పడేది నెర్రె. పలక ఈ మొహం నుంచి ఆ మొహం దాకా పోతే చీలిక. వయసు వలయాల మధ్య పొరలు విడిపోతే పొర విడుపు. చివర నెర్రె ఉంటే అంతవరకు కోసి మిగతాది వాడుకోవచ్చు, పొర విడుపు ఉంటే బరువు మోసే చోట పెట్టకూడదు. నిర్ణయాలు వేరు కాబట్టి పేర్లు వేరు కావాలి. నిర్ణయం ఒకటే అయినచోట, మూలంలో రెండు పేర్లున్నా, మేం ఒకటే ఉంచేశాం. ఇందుకు అనువాదకులు మొదట ఒప్పుకోలేదు. ఆయన అభ్యంతరం న్యాయమైనదే, పై చదువులకు వెళ్లేవాళ్లకు అది లోటు. ఈ పుస్తకం ఎవరికోసం అన్నదాని మీద తేల్చుకున్నాం.

స్టిక్కర్ ఎడం బద్దె అయింది. ఎడం కోసం పెట్టేది కాబట్టి మందం ఎందుకు ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. సైజుల దగ్గర నామినల్ అన్న మాటకు "నామమాత్రపు కొలత" అని ఉండేది. మన వాడుకలో నామమాత్రం అంటే లెక్కలోకి రానంత తక్కువ. రెండు బై నాలుగు (అంగుళాలు) అని పిలిచే ఉత్తర అమెరికా చెక్క ఆరి, చిత్రిక పట్టాక నిజానికి 38 బై 89 మిల్లీమీటర్లే ఉంటుంది. కాబట్టి పిలిచే కొలత, అసలు కొలత అని మార్చాం. దీనికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

రెండు మొండి మాటలు

చేవ నాకు మొదటి నుంచీ ఇష్టమైన మాట. మాను నడిమి భాగంలో ముదిరిన చెక్కకు ఇంతకన్నా మంచి పేరు ఏ భాషలోనైనా ఉంటుందా అనిపించేది. మేస్త్రీలిద్దరికీ తెలుసు, పిల్లలకూ తెలుసు. సమస్య కూడా అక్కడే. చేవ ఉన్న మనిషి, చేవ చచ్చిన మాట అంటాం కదా. దాంతో చదివినవాళ్లు చేవ బలమైనది, తెల్లచెక్క బలహీనమైనది అని తేల్చేసుకున్నారు. నిజానికి బలంలో రెంటికీ చెప్పుకోదగ్గ తేడా ఉండాలనేం లేదు. తేడా మన్నికలో. చేవగా మారేటప్పుడు కణాలు చచ్చిపోతాయి, చాలా జాతుల్లో పురుగుకూ బూజుకూ గిట్టని పదార్థాలు అక్కడ చేరతాయి. తెల్లచెక్కలో నీరు నడిచే దారులు ఇంకా తెరిచి ఉంటాయి. అందుకే పురుగు అక్కడ తొందరగా పడుతుంది, మందు పట్టిస్తే అక్కడే బాగా ఇంకుతుంది. మందు పట్టించే పాఠంలో శిక్షార్థులు తెల్లచెక్క ఉన్న ముక్కల్ని పనికిరానివని పక్కన పడేసి, చేవ ముక్కల్ని మందులో ముంచారు. మందు పైపైనే ఉండిపోయింది.

మాట మార్చాలా అని చాలా ఆలోచించాను. నడిచెక్క అని పెట్టి చూశాం, చప్పగా ఉంది, పైగా మాను నట్టనడుమ ఉండే మెత్తని దవ్వతో కలగాపులగం అవుతోంది. చివరికి చేవనే ఉంచి, అది మొదటిసారి వచ్చినచోట రెండు వాక్యాలు కలిపాం: చేవ అంటే ఇక్కడ ఎక్కువ కాలం మన్నే భాగం, బలం సంగతి వేరే చూసుకోవాలి. అన్ని జాతుల్లోనూ చేవ మన్నుతుందని కాదు. సొంత భాష మాట అయితే చాలు, అపార్థం ఉండదని నేను అనుకునేదాన్ని. ఇక్కడ అపార్థం వచ్చిందే సొంత మాట కావడం వల్ల.

రెండోది హార్డ్‌వుడ్. మా పుస్తకంలో గట్టి కలప, మెత్తని కలప అని ఉండేది. ఇంగ్లీషులోనే ఆ పేర్లు పక్కదోవ పట్టిస్తాయి, అనువాదం ఆ దోవను ఇంకా వెడల్పు చేసింది. హార్డ్‌వుడ్ అంటే వెడల్పాటి ఆకుల చెట్ల కలప, సాఫ్ట్‌వుడ్ అంటే పైన్, దేవదారు లాంటి సూది ఆకుల చెట్లది. గట్టిదనంతో పేరుకు సంబంధం తక్కువ. బొమ్మ విమానాలు చేసే బాల్సా ఘనపు మీటరుకు 160 కిలోల దగ్గర తూగుతుంది, గోరు దిగుతుంది, అయినా హార్డ్‌వుడ్. యూ చెట్టు కలప అంతకు నాలుగు రెట్లు బరువు, అయినా సాఫ్ట్‌వుడ్. మా పిల్లలు బల్ల మీది ముక్కల్ని గోటితో గీరి రెండు కుప్పలు చేశారు. మాట చెప్పినట్టే చేశారు. తర్వాత ఆ కుప్పల్ని బట్టి ఆరే కాలం పట్టిక చూశారు, అన్నీ తారుమారు.

వెడల్పాకు కలప, సూదాకు కలప అని మార్చాం. కానీ కోసిన పలకకు ఆకులుండవు. ఈ మాట శిక్షకులే అన్నారు, నవ్వుతూ. పేరు నిజమే, చేతికి మాత్రం అది సాయం చేయదు. అందుకని పేరు పక్కనే పరీక్ష పెట్టాం: పలక కొసను పదునైన ఉలితో నున్నగా కోసి భూతద్దంతో చూడు, సూది పోటుల్లాంటి రంధ్రాలు కనబడితే వెడల్పాకు కలప, కనబడకపోతే సూదాకు కలప. వెడల్పాకు చెట్లలో నీరు ఎక్కే గొట్టాలు వేరుగా ఉంటాయి, ఆ రంధ్రాలు అవే. ఈ కేసులో నాకు పూర్తిగా నచ్చని పరిష్కారం ఇదొక్కటే. మూడేళ్ల తర్వాత పిల్లలు బజారులో ఆ మాట వాడితే ఎవరికీ అర్థం కాదు, వాళ్లు మళ్లీ హార్డ్‌వుడ్ అనే అంటారు. అప్పుడైనా అది గట్టిది అన్న అర్థంలో అనకుండా ఉంటే చాలనుకున్నాం.

పనిలో మార్చుకున్నవి

ఇప్పుడు నా పదాల పట్టికలో పేరు, అర్థం పక్కన ఇంకో గడి ఉంటుంది: ఈ మాట చదివినవాడు చేతితో ఏం చేస్తాడు? ఆ గడి నింపలేకపోతే పదం ఖాయం కానట్టే. ఏకరూపత కోసం మొత్తం ఒకేసారి మార్చే మీటను వస్తువుల పేర్లకే వాడుతున్నాను. క్రియల జోలికి వెళ్లాలంటే ప్రతిదీ విడిగా చదువుతాను. ఏ అంకెనూ మూలం చూడకుండా దిద్దను. నాకు అసంభవం అనిపించిన అంకె అయితే దిద్దడానికి ముందు ఆ లెక్క ఎలా కడతారో అడుగుతాను. నాకు నవ్వొచ్చే అంకెల్లోనే నాకు తెలియని శాస్త్రం ఉంటోంది.

ప్రతి అధ్యాయాన్నీ ఇప్పుడు ఒక పరీక్షకు పెడతాం. కొత్తవాళ్లు ఒకసారి చదవాలి, పుస్తకం మూసేయాలి, పని చేయాలి. మేం మాట్లాడకూడదు. అర్థమైందా అని అడిగితే అందరూ అయిందనే అంటారు, చేతుల్ని చూస్తే నిజం తెలుస్తుంది. కొత్త ప్రతితో పలకలు పేర్చమన్నప్పుడు నలుగురు నీడకు మోసుకుపోయారు, బద్దెలు పెట్టారు. ఒకడు బద్దెల్ని నిలువు వరసలో కాకుండా ఇష్టమొచ్చినట్టు పెట్టాడు. "ఒకే వరసలో" అన్నదాన్ని "కింది బద్దె మీదే పై బద్దె వచ్చేలా" అని ఆ సాయంత్రమే మార్చాం.

రెండో ముద్రణకు ముందు అనువాదకులకు ఉత్తరం రాశాను. ఎర్ర గీతలు రెండూ నావేనని, ఆరబెట్టడాన్ని మళ్లీ అన్నిచోట్లా పెట్టేశానని చెప్పాను. క్షమించమన్నాను. జవాబులో కోపం లేదు, ఒక దిద్దుబాటు ఉంది. "అన్నిచోట్లా వద్దండీ. నేను మూడు మాటలు వాడింది మరిచిపోయి కాదు. పేర్చేటప్పుడు ఆరబెట్టాలి. పేర్చాక నెలల తరబడి ముట్టుకోకుండా ఉండాలి కాబట్టి అక్కడ ఆరనివ్వాలి. తేమ తూచి, చాలు అనుకున్నాక ఎండిన పలక." ఫైలు మళ్లీ తెరిచాను. ఈసారి ఒక్కొక్కటిగా మార్చాను, పద్నాలుగు చోట్ల.